ఎర్రచందనం, వేగిస: పక్కపక్కనే ఉన్నా ఎందుకు కలిసిపోలేదు?

తిరుపతి చుట్టూ ఉన్న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం ఉంది, వేగిస ఉంది. రెండూ టెరోకార్పస్ అనే ప్రజాతి (దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపు) చెట్లే. చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయ చూస్తేనే చుట్టరికం తెలిసిపోతుంది. మొదటిదాన్ని స్మగ్లర్లు దొంగతనంగా నరుకుతారు. రెండోదాని చెక్కతో గ్లాసులు చేసి, రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగితే షుగర్ తగ్గుతుందని అమ్ముతారు. (ఎంత తగ్గుతుందో ఇక్కడ తేల్చే పని కాదు.) ఇంత దగ్గరి బంధువులు ఒకే అడవిలో ఇన్ని తరాలుగా ఉంటూ కలగలిసి ఒకే చెట్టుగా ఎందుకు మారలేదు?

ఒక కారణం పైకే కనిపిస్తుంది. ఎర్రచందనం ఎండాకాలంలో పూస్తుంది, వేగిస వానలు వెనకబట్టే రోజుల్లో పూస్తుంది. తేనెటీగ ఎంత తిరిగినా ఈ చెట్టు పుప్పొడిని ఆ చెట్టుకి మోయాలంటే ఆ చెట్టు మీద ఆ నెలలో పువ్వు ఉండాలి కదా. అడ్డు ఇదొక్కటే అని కాదు గానీ, రెండు జాతులు వేరుగా నిలవడానికి ఇలాంటి తేడాలు ఎంత అవసరమో శాస్త్రం గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

డార్విన్ 1859లో రాసిన పుస్తకం పేరులోనే జాతుల పుట్టుక ఉంది. అయినా అందులో ఎక్కువ భాగం ఒక జాతి కాలక్రమంలో ఎలా మారుతుందన్న దాని గురించే. ఒకటి రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ కలవకుండా ఎలా ఉంటాయన్నది అందులో పూర్తిగా తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన చూపు గొప్పది. రెండు జాతులు కలిస్తే పుట్టే సంకర జీవులకు సంతానం కలగకపోవడం ప్రకృతి కావాలని పెట్టిన కట్టుబాటు కాదనీ, వేరే మార్పుల వెంట అనుకోకుండా వచ్చి పడిందనీ అన్నాడు. 1868లో జర్మనీ ప్రకృతి శాస్త్రవేత్త మోరిట్జ్ వాగ్నర్ ఇంకో మాట చేర్చాడు: నదో కొండో అడ్డుపడి ముందు గుంపులు విడిపోవాలి, అది లేకుండా కొత్త జాతి రాదు. అది తప్పనిసరి అంటే డార్విన్ ఒప్పుకోలేదు.

వాగ్నర్ వాదానికి బలం తెచ్చినవాడు జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్. న్యూగినీ, సాలమన్ దీవుల పక్షులు చూసిన మనిషి. ప్రకృతిలో తమలో తాము సంతానం కంటూ, ఇతర గుంపులతో కలవని జీవుల సమూహమే జాతి అని 1942లో నిర్వచించాడు. ఈ కొలత మన చిత్తూరు తోటలకి పెట్టి చూడండి. తోతాపురి, నీలం, బంగినపల్లి రుచిలో, ఆకారంలో ఎంత తేడాగా ఉన్నా ఒకే జాతి. పుప్పొడి హాయిగా కలిసిపోతుంది. తోతాపురి టెంక నాటితే తోతాపురే వస్తుందన్న నమ్మకం లేదు, అందుకే అంటు కట్టాలి. ఆ రకాలను విడిగా ఉంచుతున్నది రైతు కత్తి. అడవిలో ఆ పని చేసే మనిషి లేడు. మరి ఎవరు చేస్తున్నారు?

అసలు చిక్కు ఇక్కడుంది. సంకరానికి సంతానం లేకుండా చేసే జన్యువు ఒకటి పుడితే, అది తనను మోసే జీవికే చేటు. ప్రకృతి వరణం (బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలకీ మిగలడం) దాన్ని అప్పుడే ఏరిపారేయాలి. ఈ ముడిని జన్యుశాస్త్రవేత్తలు విప్పారు: 1909లో బేట్సన్, 1930లలో డాబ్‌ఝాన్‌స్కీ, ఆ తర్వాత ముల్లర్. వేరుపడ్డ అన్నదమ్ముల్లో ఒకరు ఇంటి పైపులు మార్చారు, ఇంకొకరు కుళాయిలు మార్చారు అనుకోండి. ఎవరింట్లో నీళ్ళు వాళ్ళకి బాగానే వస్తాయి. ఆ కొత్త పైపుకి ఈ కొత్త కుళాయి బిగిస్తేనే కుదరదు. జన్యువులూ అంతే. ఒక గుంపులో ఒక జన్యువు, రెండో గుంపులో మరొకటి మారతాయి. సొంత గుంపులో రెండూ మంచివే, సంకర జీవిలో మొదటిసారి ఎదురుపడి పొసగవు. ఎవరికీ ఎక్కడా నష్టం లేకుండానే మధ్యలో గోడ లేచింది. డాబ్‌ఝాన్‌స్కీ చూసిన డ్రోసోఫిలా అనే చిన్న ఈగల్లో రెండు రకాలు చూపుకి ఒకేలా ఉండేవి. కలిపితే పుట్టిన మగ ఈగలకు సంతానం లేదు. ఆ రెండు రకాల్లో ఒకదానికి 1944లో వేరే జాతి పేరే పెట్టారు.

దెబ్బ మగవాటికే ఎందుకు? సంకరాల్లో ఒక లింగం మాత్రమే దెబ్బతింటే, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు (ఆడా మగా తేల్చేవి) ఉన్నదే అయ్యుంటుందని బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1922లోనే గమనించాడు. ఈగల్లో అది మగది, పక్షుల్లో ఆడది. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు.

మేయర్ కొలతకు ఒక పెద్ద లోటుంది. ఎదురుపడని జీవులకు దాన్ని ఎలా పెట్టాలి? తిరుమల రాళ్ళ నెర్రెల్లో ఉండే బంగారు బల్లిని బెడ్డోమ్ అనే బ్రిటిష్ అధికారి 1870లో శాస్త్రానికి కొత్త జాతిగా వర్ణించాడు. ఆ ప్రజాతిలో ఇంకొక్కటే జాతి ఉంది, అది శ్రీలంకలో. అవి కలుస్తాయా లేదా అని చూడటానికి మధ్యలో సముద్రం ఉంది. మంచుయుగాల్లో నీటిమట్టం పడిపోయినప్పుడు రెండు దేశాల మధ్య నేల బయటపడేది కాబట్టి, విడదీసింది సముద్రం ఒక్కటే అనుకోలేం. రాళ్ళను అంటిపెట్టుకుని బతికే బల్లికి మధ్యలోని చదును నేల కూడా అడ్డే అని నా ఊహ.

పడమటి కనుమల్లో ఇదే కథ పక్షులతో నడిచింది. తిరుపతిలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యాసంస్థకి చెందిన వి.వి. రాబిన్, సహచరులు అక్కడి షోలా అడవుల (కొండల పైభాగాన ఉండే చల్లని అడవులు) పక్షుల్లో 2017లో రెండు కొత్త ప్రజాతులను, ఒక కొత్త జాతిని ప్రకటించారు. ఎత్తైన చల్లని అడవి దాటి కిందికి దిగని ఈ పిట్టలకి కొండల మధ్య పాలక్కాడ్ లాంటి లోతట్టు సందు దాటలేని అడ్డు. ఇటుపక్క గుంపు అటుపక్క గుంపుతో కలవదు.

ఒకే జాతి అనుకున్నదాన్ని ఇలా విడగొట్టడం మీద తగాదాలున్నాయి. కారణం చట్టం. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995లో చేరింది జాతి పేరుతోనే. ఒక జాతిని మూడుగా చీలిస్తే ఒక్కోదాని అడవి తగ్గి, ప్రమాదం స్థాయి పెరుగుతుంది. రక్షణ కోసం అతిగా చీలుస్తున్నారని కొందరంటారు. నాకైతే లెక్కకు రాకుండా పోయే జాతుల భయమే ఎక్కువ. రాబిన్ బృందం జన్యువులతో ఆగకుండా శరీర కొలతలు, ఈకల రంగులు కూడా పోల్చి చూసింది. డీఎన్ఏ తేడా ఒక్కటి చూపించి జాతి అంటే ఒప్పుకోనివాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు.