పడే వైపుకే తిప్పాలి

పర్లాకిమిడిలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే కుర్రాడు మొన్న అడిగాడు: "మాస్టారూ, తాగి బండి నడిపితే కేసు. సైకిలైతే ఏటవుద్ది? మెల్లగా, రోడ్డు వారనే పోతాం గదా!" వాడిది కాశీనగర్ దారిలో ఊరు. పండగలకి ఫ్రెండ్స్‌తో జీలుగు కల్లు తాగి, చీకట్లో తొక్కుకుంటూ ఇంటికెళ్లే బ్యాచి.

కేసు సంగతి వాడు చెప్పింది నిజమే. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మద్యం దాటకూడదనే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ సైకిలుకి వర్తించదు. జపాన్‌లో మాత్రం 2024 నవంబరు నుంచి తాగి సైకిలు తొక్కినా జైలు పడొచ్చు. అది అలా ఉంచండి, నన్ను పట్టుకున్నది ఆ "మెల్లగా" అన్న మాట.

సైకిలు నిలబడే వస్తువు కాదు, ఎప్పుడూ పడుతూ ఉండే వస్తువు. ఎడమకి ఒరిగితే హ్యాండిల్ ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు మన బరువు కిందికి వస్తాయి. నేర్చుకునే పిల్లలు భయంతో అవతలి వైపుకి తిప్పి మోకాళ్లు చెక్కుకుంటారు. అరచేతిలో చీపురు నిలబెట్టే ఆట కూడా ఇదే, చీపురు ఎటు వాలితే చెయ్యి అటు పోవాలి.

మనిషితో సహా సైకిలు బరువు కేంద్రం నేలకి దాదాపు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. 1 డిగ్రీ ఒరుగుని దిద్దకుండా వదిలేస్తే అరసెకనులో అది రెండున్నర డిగ్రీలు, సెకనులో 11 డిగ్రీలు దాటుతుంది. ఆలస్యానికి వడ్డీ కాదు, చక్రవడ్డీ! మద్యం చేసేది సరిగ్గా ఈ ఆలస్యమే, కదలికల్ని సరిదిద్దే చిన్నమెదడుని మందగింపజేస్తుంది.

ఇక మెల్లగా పోవడం. హ్యాండిల్ తిప్పితే వచ్చే పక్కతోపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. గంటకి 12 కి.మీ. నుంచి 6కి తగ్గితే, అదే ఒరుగుని దిద్దడానికి హ్యాండిల్‌ని నాలుగింతలు తిప్పాలి. అంటే రోడ్డు వారన మెల్లగా పోయేవాడే ఎక్కువ వంకర్లు పోతాడు, ఓ వంకర లారీ కిందికి. అలాగని స్పీడుగా తొక్కితే గుంత కనబడేసరికి బ్రేకు ఆలస్యం. తోసుకుంటూ పోరా అన్నాను.

చింతచెట్టు మలుపులో దెయ్యం హ్యాండిల్ లాగిందని మా వైపు చెప్పుకుంటారు. ఆ దెయ్యం చెవిలో ఉంటుంది. లోపలి చెవిలో అర్ధవృత్తాకార కుల్యలనే సన్నటి గొట్టాల్లో ఎండోలింఫ్ అనే ద్రవం, దానికి అడ్డంగా క్యుపులా అనే జిగురు తెర ఉంటాయి. ఆ తెర వంగితే తల తిరుగుతోందని మెదడు అనుకుంటుంది. రెండిటి సాంద్రతా ఒకటే, అందుకే గురుత్వాకర్షణ ఆ తెరని వంచలేదు. మద్యం నీటికన్నా తేలిక. రక్తంలోంచి ముందు తెరలోకి ఊరుతుంది, దాంతో తెర ద్రవంలో పైకి తేలుతుంది. తల వాల్చి పడుకుంటే చాలు, తిరగని గది తిరుగుతుంది, కళ్లు ఓ పక్కకి కొట్టుకుంటాయి. బరువైన భారజలం తాగించి చూస్తే కళ్లు సరిగ్గా వ్యతిరేక దిశలో కొట్టుకున్నాయి. ఎంత ముచ్చటైన రుజువో!

కొన్ని గంటలకి ద్రవంలోకీ మద్యం చేరి రెండూ సమానమవుతాయి, తిరుగుడు ఆగుతుంది. దిగిపోయిందనుకుంటాం. మద్యం బయటికి పోయేటప్పుడూ ముందు ఖాళీ అయ్యేది తెరే. ఇప్పుడు అది ద్రవం కన్నా బరువు, గది రెండోవైపుకి తిరుగుతుంది. ఇది మొదలయ్యేది తాగిన అయిదారు గంటలకి. మజ్జిగా నిమ్మకాయా దీన్ని ఆపవు.

ఆ కుర్రాడికి ట్యూషన్ పొద్దున్నే ఆరింటికి. వాడు వచ్చేది సైకిలు మీదే.