మోకాలి వాపు, గసగస గింజంత పురుగు: లైమ్ జబ్బు వెనక కథ

మా పెద్దమ్మది ముమ్మిడివరం పక్కన పల్లె. రెండేళ్ళ కిందట మే నెలలో అమెరికాలోని కనెక్టికట్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళి అక్టోబరు చివర్లో తిరిగొచ్చింది. కార్తీకమాసం పూర్తి కాకుండానే కుడి మోకాలు బొప్పాయి కాయంత వాచింది. అంత వాపుకి తగ్గ నొప్పి మాత్రం లేదు, అదే మాకు అర్థం కాలేదు. 2006 నాటి చికున్‌గున్యా తర్వాత మా కోనసీమలో ఏ కీలు వాచినా ముందు ఆ పేరే వస్తుంది కాబట్టి ఊరంతా అదే అన్నారు. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి అరుగుదల అన్నారు, నీరు తీశారు. పది రోజులకి మళ్ళీ చేరింది.

వేసవంతా ఎక్కడున్నారమ్మా అని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, మోకాలికీ అమెరికాకీ ఏం సంబంధం అనుకున్నాం.

సరిగ్గా ఆ కనెక్టికట్ రాష్ట్రంలోనే లైమ్ అనే ఊరుంది. 1960లు, 70లలో అక్కడ పాలీ మర్రే అనే తల్లికి, భర్తకి, పిల్లలకి ఏళ్ళ తరబడి ఒంటి మీద మచ్చలు, జ్వరాలు, కీళ్ళ వాపులు. డాక్టర్ల చుట్టూ తిరిగితే, ఇదంతా నీ మనసులోనే ఉందన్నట్టు మాట్లాడిన వాళ్ళూ ఉన్నారు. ఆమె మాత్రం ఎవరికి ఎప్పుడు ఏమొచ్చిందో రాసుకుంటూ పోయింది, చుట్టుపక్కల ఇళ్ళలో ఇలాగే బాధపడుతున్న వాళ్ళ పేర్లూ పోగుచేసింది. 1975 అక్టోబరులో రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది. జుడిత్ మెన్ష్ అనే ఇంకో తల్లి కూడా దాదాపు అప్పుడే చెప్పింది. పిల్లల్లో అరుదుగా వచ్చే కీళ్ళవాతం ఒకే వీధిలో అంతమందికి ఎలా వస్తుంది? యేల్ యూనివర్సిటీ నుంచి ఆలన్ స్టీర్ అనే యువ డాక్టరు వచ్చి ఇల్లిల్లూ వాకబు చేశాడు. మూడు చిన్న ఊళ్ళలో 51 మంది తేలారు, అందులో 39 మంది పిల్లలే. ఎక్కువ మందికి వేసవిలోనో వేసవి వెళ్ళాకో మొదలైంది, అదీ అడవి అంచున ఉన్న ఇళ్ళలో. 51లో 13 మందికి కీలు వాచడానికి కొన్ని వారాల ముందు చర్మం మీద ఎర్రటి మచ్చ పెద్దదవుతూ వచ్చిన సంగతి గుర్తుంది. 1977లో ఈ వివరాలు అచ్చయ్యాయి, జబ్బుకి ఊరి పేరే పెట్టారు.

నాకు బాధనిపించేదేంటంటే, ఆ మచ్చ అప్పటికే పాత సంగతి. స్వీడన్ చర్మ వైద్యుడు అఫ్జీలియస్ 1909లోనే పురుగు కాటు తర్వాత పాకే మచ్చ గురించి చెప్పాడు, 1950ల్లో అక్కడి డాక్టర్లు దానికి పెన్సిలిన్ కూడా ఇచ్చారు. చర్మం వాళ్ళకి తెలిసింది కీళ్ళ వాళ్ళకి చేరడానికి అన్నేళ్ళు పట్టింది. అసలు క్రిమిని 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ చూశాడు. న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ఐలాండ్ నుంచి వచ్చిన పురుగుల పొట్టలు కోసి చూస్తే మెలికలు తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. ఇప్పుడు దాని పేరులో ఆయన పేరే ఉంది.

జబ్బు అంటించే ఆ పురుగు మన గొడ్ల చెవుల్లో పట్టే పిడుదులకి చుట్టమే, గోమారి జాతిది. మనుషులకి ఎక్కువగా అంటించేది దాని పిల్ల, గసగస గింజంత ఉంటుంది. మే నుంచి జులై దాకా దాని జోరు. ఒకప్పుడు అక్కడ పొలాలుండేవి, అవి పాడుబడి మళ్ళీ అడవి పెరిగింది, జింకలు వచ్చాయి, ఆ అడవిలోకే ఇళ్ళూ వచ్చాయి. పురుగులకి క్రిమి ఎలుకల నుంచి వస్తుంది, ఆ పురుగులు పెద్దయ్యాక బతికేది జింకల మీద. మా పెద్దమ్మ అక్కడ పెరట్లో గోంగూర, బీరపాదు వేసి, రాలిన ఆకులన్నీ చేత్తో ఎత్తిపోసేది. జింకలొచ్చి పాదు తినిపోతున్నాయని ఫోన్‌లో మాకు చెప్పి ఎంత మురిసిపోయిందో!

జులైలో మోకాలి వెనక మచ్చ వచ్చిందట. కోడలు వీడియో కాల్‌లో గుర్తుచేసుకుని చెప్పింది. తమలపాకంత మచ్చ, దురద లేదు, మంట లేదు, కాబట్టి ఏదో పురుగు పాకిందని కొబ్బరినూనె రాసి ఊరుకున్నారు. తర్వాత మూడు రోజులు జ్వరం, మెడ పట్టేయడం. ఏసీ పడి ఉండదన్నారు.

పుస్తకాల్లో ఈ మచ్చ విల్లుతో గురిపెట్టే చక్రంలా, తెల్ల చర్మం మీద ఎర్రగా ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద కమిలిన గాయంలా, కాస్త నల్లగానే కనిపిస్తుంది. చాలామందిలో మధ్యన వలయమే ఉండదు, నిండుగా ఒకే రంగు. పైగా మచ్చ వచ్చేది నూటికి 70, 80 మందికి మాత్రమే. మిగతా వాళ్ళకి ఒళ్ళునొప్పులూ నీరసమే. ఆ తర్వాత కొందరికి మూతి వంకర పోతుంది, రాత్రిళ్ళు వెన్నులోంచి నరం లాగేసే నొప్పి, కొద్దిమందికి గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చి కళ్ళు తిరుగుతాయి. నెలల తర్వాత మోకాలు. మూతి వంకరైతే మనవాళ్ళు పక్షవాతం అంటారు, కళ్ళు తిరిగితే బీపీ అంటారు.

మన దగ్గర లెక్క ఇక్కడే తప్పుతోంది. కోడలి కాన్పు అనో, ఎండలు భరించలేమనో ఇక్కడి పెద్దవాళ్ళు వెళ్ళేది ఏప్రిల్, మేలలోనే, అంటే పురుగు కాలంలోనే. ఆరు నెలల గడువు అయిపోయి వచ్చేసరికి మచ్చ మాయమై ఉంటుంది, జబ్బు మాత్రం లోపల ఉంటుంది. అక్కడి డాక్టరు మోకాలు చూడడు, ఇక్కడి డాక్టరుకి మచ్చ తెలియదు. ఇక్కడి డాక్టర్లని తప్పుపట్టలేం, డెల్టాలో పుట్టే జబ్బు కాదిది. కానీ ఇలాంటిదే మన దగ్గరా ఉంది. వానలు వెళ్ళాక వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరంలో చిన్న నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుట్టిన చోట, చంకలోనో గజ్జల్లోనో, సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది. నొప్పుండదు, ఎవరూ వెతకరు, జ్వరం టైఫాయిడ్ ఖాతాలో పోతుంది.

మచ్చ సంగతి తెలిశాక పెద్దమ్మ రక్తం శాంపిల్ హైదరాబాద్ పంపిస్తే లైమ్ అని తేలింది. మచ్చ ఉన్న మొదటి రోజుల్లో ఈ రక్తపరీక్ష చాలాసార్లు ఏమీ చూపించదు, క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే అక్కడ మచ్చ చూసే మందు మొదలుపెడతారు, రెండు వారాల్లోపు కోర్సుతో సరిపోతుంది. మోకాలి దాకా వచ్చింది కాబట్టి ఈవిడకి 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. మొదట్లోనే పురుగు కనిపించి ఉంటే సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి. గొడ్లకి చేసినట్టు కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఆ రోజు తేదీ వేసి మచ్చ ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే ఇక్కడికొచ్చాక కూడా డాక్టరుకి చూపించొచ్చు.

మందు అయిన మూడు వారాలకి వాపు దిగింది. పొద్దున్నే లేచేటప్పుడు కాసేపు బిగుసుకోవడం, మధ్యాహ్నానికే నీరసం ఇంకో అయిదారు నెలలు ఉన్నాయి. ఇంకో కోర్సు వేయించమని బంధువుల ఒత్తిడి. నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి చూసిన పరిశోధనల్లో అదనపు మేలు కనబడలేదని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు, నీ నీరసం నిజమేనమ్మా, తగ్గుతుంది, టైం పడుతుంది అన్నారు. నీది నిజమే అన్న ఆ మాటకి పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.