నిమ్మకాయ కార్లు, కుళ్లిన యాపిళ్లు

పిల్లలూ,

ఇంగ్లీషువాళ్లు మనుషులకీ వస్తువులకీ పళ్ల పేర్లు తగిలిస్తుంటారు. ఎవరైనా మిమ్మల్ని 'యు ఆర్ ఎ పీచ్' అంటే కంగారుపడకండి, పీచ్ పండుతో పోల్చి మెచ్చుకున్నట్టే. జీతం బాగుండి, అందరూ ఆశపడే ఉద్యోగమైతే 'ప్లమ్ జాబ్'. తీపి పళ్ల సంగతి ఇంతే, పెద్ద చిక్కేమీ లేదు. తమాషా అంతా నిమ్మకాయ దగ్గర మొదలవుతుంది.

మనం కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించందే ముందుకు కదలం కదా, అమెరికాలోనేమో పైకి నిగనిగలాడుతూ కొన్న దగ్గర్నుంచీ షెడ్డు చుట్టూ తిప్పించే కారునే 'లెమన్' అంటారు. 1960లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన బీటిల్ కారు ఫొటో కింద తనే 'లెమన్' అని ప్రకటన వేసుకుంది, చిన్న మచ్చ కనిపించినా ఆ కారును పక్కన పెట్టేస్తామని గొప్ప చెప్పుకోడానికి. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఇంకాస్త లోతుకు వెళ్లాడు. సెకండ్ హ్యాండ్ కార్లలో ఏది మంచిదో ఏది లెమనో కొనేవాడికి తెలీదు, అందుకని అన్నిటికీ తక్కువ ధరే అడుగుతాడు, ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు, చివరికి సంతలో మిగిలేవి లెమన్లే! ఈ ఆలోచనకే 2001లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఇలాంటి కార్లు అంటగడితే కొన్నవాళ్లను కాపాడే చట్టాల్ని కూడా అక్కడ 'లెమన్ లా' అనే పిలుస్తారు.

యాపిల్‌ది రెండు నాలుకల వ్యవహారం. 'యాపిల్ ఆఫ్ మై ఐ' అంటే మన కంటిపాపే, ప్రాణంలా చూసుకునే మనిషి. 'బ్యాడ్ యాపిల్' అంటే చెడ్డవాడు. కుళ్లిన పండు ఒక్కటుంటే పీపా మొత్తం పాడవుతుందని పాత సామెత, అది నిజం కూడా, పండిన యాపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కవాటినీ తొందరగా మగ్గబెడుతుంది. ఇప్పుడేమో ఏదైనా గొడవ బయటపడగానే పెద్దలు 'ఏవో ఒకటి రెండు బ్యాడ్ యాపిల్స్, మిగతావాళ్లంతా మంచోళ్లే' అని తేల్చేస్తున్నారు. సామెతలో సగం మింగేసి రెండో సగానికి ఎదురు మాట్లాడటం నాకైతే మహా ఒళ్లుమంట.

విదేశాల్లో చదివే మీవాళ్లకి ఒకటి చెప్పండి. 'కోకోనట్' అంటే పైన గోధుమరంగు, లోపల తెలుపు, తెల్లవాళ్లలా ఉంటున్నావని ఎత్తిపొడుపు. తూర్పు ఆసియావాళ్లనైతే 'బనానా' అంటారు. ఎక్కువగా సొంతవాళ్లే సొంతవాళ్లని అనే మాటలివి, నాకు అస్సలు నచ్చవు. 'గో బనానాస్' మాత్రం వేరు, ఒట్టి వెర్రెక్కిపోవడమే.

ఇక నాలుక బయటపెట్టి బుర్ర్‌మని చప్పుడు చేసి వెక్కిరించడాన్ని 'రాస్ప్‌బెర్రీ' అంటారు. కాక్నీలనే లండన్ తూర్పు పేటల జనానికి అసలు మాట దాచి దానికి ప్రాస కుదిరే మాట వాడటం సరదా. ఈ వెక్కిరింత పేరు అలాగే 'రాస్ప్‌బెర్రీ టార్ట్' అనే తీపి తినుబండారం నుంచి వచ్చింది. టార్ట్‌కి ప్రాస కుదిరే ఆ మాటేదో మీరే కనుక్కోండి, మీ అమ్మని మాత్రం అడక్కండి.

మీ
తాతయ్య