సౌర పవనంలో తెగి కలిసే రేఖలు

సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాల గాలి నిత్యం వీస్తూనే ఉంటుంది. అదే సౌర పవనం. భూమి దగ్గర దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. ఘన సెంటీమీటరుకు పట్టుమని పది ప్రోటాన్లు కూడా ఉండని ఈ పలుచని ప్లాస్మా, సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది. మామూలుగా ప్లాస్మాను, ఆ క్షేత్రం దిశను చూపే బలరేఖలను విడదీయలేం.

ఈ కట్టుబాటు సడలే చోటు ఒకటుంది. వేర్వేరు దిశల్లో ఉన్న రెండు క్షేత్రాలు ఆనుకున్నప్పుడు వాటి మధ్య ఒక విద్యుత్ ప్రవాహ పొర ఏర్పడుతుంది. అది బాగా పలచబడితే రేఖలు తెగి, అవతలి వైపు రేఖలతో కలుస్తాయి. ఇదే అయస్కాంత పునఃసంధానం. అలా కలిసిన రేఖ మధ్యలో మెలిక పడి ఉంటుంది. లాగి వదిలిన రబ్బరు బ్యాండులా అది సర్దుకుంటూ ప్లాస్మాను రెండు పక్కలకూ జెట్లుగా విసురుతుంది.

సూర్యుడిపై ఉన్నట్టుండి ఎగసే పేలుళ్లయిన సౌర జ్వాలలకు కారణం ఇదేనని చాలాకాలంగా అనుకుంటున్నదే. సౌర పవనంలో మాత్రం ప్రత్యక్ష ఆధారం 2005లో గానీ దొరకలేదు. జాక్ గాస్లింగ్ బృందం ఏస్ వ్యోమనౌక కొలతల్లో ఒక జోడీ గుర్తును పట్టుకుంది. నౌక ఆ జెట్ ఒక అంచును దాటేటప్పుడు వేగం, క్షేత్రం ఒకే దిశలో మారితే, రెండో అంచు దగ్గర ఎదురెదురు దిశల్లో మారతాయి. రేఖలోని మెలిక రెండుగా విడిపోయి రేఖ వెంట చెరోవైపు పరుగెత్తడమే కారణం. ఎంత చక్కని తర్కం! శ్రీహరికోట నుంచి 2023లో బయల్దేరిన ఆదిత్య-ఎల్1 కూడా ఏస్ ఉన్న ఎల్1 ప్రాంతం (భూమికీ సూర్యుడికీ మధ్య, నౌకలు నిలకడగా ఉండగలిగే చోటు) నుంచే సౌర పవన కణాలనూ, క్షేత్రాన్నీ కొలుస్తోంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది దీని పొడవు. 2002 ఫిబ్రవరి 2న ఒకే పునఃసంధానం తాలూకు జెట్లు ఏస్, క్లస్టర్, విండ్ నౌకలను తాకాయి. వాటి మధ్య దూరాలను బట్టి రేఖలు తెగి కలిసే గీత కనీసం 25 లక్షల కిలోమీటర్లు సాగిందని తేలింది. చంద్రుడి దూరానికి ఆరు రెట్లకు పైమాటే! చెదురుమదురుగా, చిన్న తావుల్లో జరిగే ఘటన అన్న ఊహ అక్కడ నిలవలేదు.

సూర్యుడికి అతి చేరువగా వెళ్లేందుకు 2018లో బయల్దేరిన పార్కర్ సోలార్ ప్రోబ్ నౌక మరో చిక్కుముడి ముందుంచింది. ఉత్తర, దక్షిణ ధ్రువాల క్షేత్రాలను వేరుచేసే పెద్ద పొరలో, సూర్యుడి దగ్గర పునఃసంధానం తరచుగా కనిపించింది. భూమి దగ్గర అదే పొరలో అది అరుదు. ఇక క్షేత్రం ఉన్నట్టుండి వెనక్కి తిరిగే మలుపులు సూర్యుడి దగ్గర ఎన్నో ఉన్నా, వాటి అంచుల్లో చాలావరకు రేఖలు తెగడం లేదు.