అందరూ అడిగే పది రోజులు, ఎవరూ ఎత్తని ఆపై నెలలు: మానసిక గాయంపై అపోహలు - వాస్తవాలు

ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి ఇంటికి చేరగానే మన ఊళ్లలో పరామర్శలు మొదలవుతాయి. వచ్చినవారు మంచం పక్కన కూర్చుని "అసలెలా జరిగింది?" అని మొదటి నుంచి అడుగుతారు. ఆ మనిషి ఉదయం నుంచి రాత్రి వరకు అదే కథను పదిసార్లు చెబుతాడు. నెల తిరిగేసరికి అంతా మారిపోతుంది. అప్పుడు అతను నోరు విప్పబోతే, "ఇక ఆ మాట ఎత్తకు, మరిచిపో" అని ఇంట్లోవాళ్లే ఆపుతారు. క్లినికల్ సైకాలజిస్టుగా ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఏమిటంటే, గత 40 ఏళ్ల పరిశోధన చెబుతున్న క్రమానికి ఇది సరిగ్గా తలకిందులు. ప్రేమతో చేసేదే అయినా దీనివల్ల నష్టపోయినవారిని చాలామందిని చూశాను కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

అపోహ: ఘోరం చూసిన ప్రతి ఒక్కరికీ పీటీఎస్‌డీ వస్తుంది.

గాయానంతర ఒత్తిడి రుగ్మతను వైద్యలోకం పీటీఎస్‌డీ అంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగ నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో దీనికి ఈ పేరుతో చోటిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనుషుల్లో సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తీవ్ర సంఘటనను ఎదుర్కొంటారు, కానీ అలా ఎదుర్కొన్నవారిలో ఈ రుగ్మత బారిన పడేది 5.6 శాతమే. సంఘటనను బట్టి ఈ సంఖ్య ఎంతో మారుతుంది. 1995లో వెలువడిన అమెరికా జాతీయ సర్వేలో, అత్యాచారాన్ని తమను అన్నిటికన్నా ఎక్కువగా బాధించిన సంఘటనగా చెప్పిన స్త్రీలలో దాదాపు 46 శాతం మందికి ఇది కనిపించింది. మనిషి చేతిలో జరిగిన గాయం ప్రకృతి విపత్తు కన్నా లోతుగా దిగుతుందన్నది ఈ రంగంలో మళ్లీ మళ్లీ తేలిన విషయం.

మొదటి రెండు మూడు వారాల్లో పీడకలలు రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, తిండి సయించకపోవడం, జరిగినదే కళ్ల ముందు తిరగడం చాలామందిలో కనిపిస్తాయి. ఇవి శరీరం తనను తాను కాపాడుకునే తీరులో భాగం, ఎక్కువమందిలో వాటంతటవే తగ్గుతాయి. అందుకే నెల రోజులు దాటనిదే పీటీఎస్‌డీ అని నిర్ధారించకూడదన్న నియమం ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజునే "ఇతనికి పీటీఎస్‌డీ వచ్చింది" అని ముద్ర వేయడం ఆ మనిషికి మేలు చేయదు.

అపోహ: జరిగినదంతా వెంటనే చెప్పించాలి, ఏడిపించాలి, లేకపోతే లోపలే గడ్డకడుతుంది.

చదువుకున్నవారు, చదువుకోనివారు అన్న తేడా లేకుండా అందరూ నమ్మే మాట ఇది. ఒకప్పుడు మా వృత్తిలోనివారు కూడా నమ్మారు. అమెరికాలో జెఫ్రీ మిచెల్ 1983లో, అగ్నిమాపక సిబ్బంది వంటి అత్యవసర సేవల వారి కోసం, సంఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి చూసినదీ అనుకున్నదీ అనుభవించినదీ వరుసగా చెప్పించే "డీబ్రీఫింగ్" పద్ధతిని ప్రతిపాదించారు. అది చూస్తుండగానే ఎన్నో దేశాలకు పాకింది, బాధితులకు కూడా విడివిడిగా చేయడం మొదలైంది.

తరువాత దాన్ని పరీక్షకు పెట్టారు. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారిపై జోనథన్ బిస్సన్ బృందం బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. 13 నెలల తరువాత చూస్తే, డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, పొందనివారిలో 9 శాతం మందికే ఉంది. డీబ్రీఫింగ్ వర్గంలోనివారికి మొదట్లోనే గాయాలు కాస్త తీవ్రంగా ఉన్నాయన్న మాట కూడా ఇక్కడ చెప్పాలి, ఆ ఒక్క అధ్యయనంతోనే తీర్పు ఇవ్వలేం. అయితే 2000లో రిచర్డ్ మేయో, ఆంకె ఎలర్స్, మైకేల్ హాబ్స్ రోడ్డు ప్రమాద బాధితులను మూడేళ్ల తరువాత మళ్లీ కలిసినప్పుడు కూడా ఇదే దిశలో ఫలితం వచ్చింది. మొదట్లో బాధ ఎక్కువగా ఉన్నవారిలో, డీబ్రీఫింగ్ చేయించుకోనివారు చాలావరకు తేరుకోగా, చేయించుకున్నవారు ఆ బాధలోనే ఉండిపోయారు. అంటే ఎవరికి సాయం ఎక్కువ అవసరమని అనుకున్నామో వారికే ఎక్కువ నష్టం జరిగింది.

దీనికి పరిశోధకులు ఇచ్చే వివరణల్లో నాకు సబబుగా తోచినది ఒకటుంది. గుండె దడ ఇంకా తగ్గని రోజుల్లో, తనకు తానుగా సిద్ధపడకముందే, ఒక్క గంటలో మొత్తం తవ్వి వదిలేస్తే, ఆ జ్ఞాపకం చల్లబడటానికి బదులు భయంతో మరింత గట్టిగా ముడిపడుతుంది.

అంటే పరామర్శకు వెళ్లకూడదని కాదు, తప్పకుండా వెళ్లండి. 2000లో క్రిస్ బ్రూయిన్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పీటీఎస్‌డీ ముప్పును పెంచే కారణాల్లో అన్నిటికన్నా ముందు వరుసలో నిలిచినవాటిలో ఒకటి, గాయం తరువాత తోడు లేకపోవడం. కాబట్టి వెళ్లి పక్కన కూర్చోండి, అన్నం క్యారేజీ తీసుకెళ్లండి, ఆసుపత్రి కాగితాల పని చూసిపెట్టండి. చెప్పాలనిపించి చెబితే చివరిదాకా వినండి, ఏడుపు వస్తే ఏడవనివ్వండి. మీ అంతట మీరు మాత్రం అడగకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రకటించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా పరిస్థితిని చూడటం, వినడం, కావలసిన సాయంతో కలపడం అన్న మూడు పనులనే చెబుతుంది.

అపోహ: నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెడితే సరిపోతుంది.

తీవ్రమైన సంఘటన జరిగిన మొదటి నెలలో, ఆ ఒత్తిడిని తగ్గించడానికి పెద్దవారికి బెంజోడయజపైన్ జాతి మందులు (నిద్రకు, ఆందోళన తగ్గడానికి సాధారణంగా ఇచ్చే మాత్రలు) ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకుండా డాక్టరును అడగాలి.

అపోహ: గుర్తు చేయకుండా ఉంటే అదే మరుపున పడుతుంది.

నెల దాటినా తగ్గనివారి విషయంలో ఈ మాట చేసే హాని నేను చూసినంతలో మరే మాటా చేయలేదు. నా దగ్గరకు వచ్చిన ఒకాయన గురించి చెబుతాను, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఆయన బైకు మీద మేనల్లుడిని ఎక్కించుకుని వస్తుండగా లారీ ఢీకొని ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆరు నెలల తరువాత కూడా ఆయన బైకు తాళం ముట్టుకోలేదు. ఆ కూడలి తగలకుండా ఉండేందుకు ఊరంతా చుట్టి పొలానికి నడిచి వెళ్లేవారు. లారీ హారన్ వినిపిస్తే చేతిలోని గ్లాసు జారవిడిచేవారు. ఇంట్లోవాళ్లు పిల్లవాడి ఫొటో బీరువాలో దాచి, ఆ పేరు పలకడం మానేశారు. అక్క ఎదుటికి వెళ్లే ధైర్యం లేక ఆయన పండుగలకు కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఎలర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో వివరించినట్టు, ఈ రుగ్మతలో జ్ఞాపకం గడిచిపోయిన దానిలా ఉండదు, ప్రమాదం ఇప్పుడే ఉన్నట్టు ఉంటుంది. తప్పించుకున్న కొద్దీ "అక్కడికి వెళ్లలేదు కాబట్టే బతికాను" అన్న నమ్మకం బలపడుతుంది, అది తప్పని తెలుసుకునే అవకాశమే ఉండదు. అందువల్ల ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ చికిత్సలో, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లలో, బాధితుడు కళ్లు మూసుకుని ఆ సంఘటనను వర్తమానంలో చెబుతాడు, దాన్ని రికార్డు చేసుకుని ఇంటి దగ్గర వింటాడు, భయపడే చోట్లకు మెట్లుమెట్లుగా వెళ్తాడు. సంఘటన గురించి మనసులో పాతుకుపోయిన తప్పు ఆలోచనలను పరిశీలించి సరిదిద్దే, ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన 12 సెషన్ల కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే, ఫ్రాన్సిన్ షపీరో ఆరంభించిన ఈఎండీఆర్ కూడా నిరూపణ ఉన్నవే.

పైన చెప్పించవద్దన్నవాడినే ఇక్కడ చెప్పించమంటున్నాననిపించవచ్చు. తేడా కాలంలోనూ ఉంది, తీరులోనూ ఉంది. ఇక్కడ మనిషి తన ఇష్టంతో వస్తాడు, ఏం జరగబోతోందో ముందే తెలుసుకుంటాడు, ఒక్కసారి చెప్పి ఆగిపోకుండా భయం దిగేదాకా వారం వారం కొనసాగిస్తాడు.

ఆయన మొదటి రోజు నుంచి ఒకటే మాట పట్టుకుని ఉన్నారు: "పక్కకు తిప్పి ఉంటే వాడు బతికేవాడు." నాలుగో సెషన్‌లో కళ్లు మూసుకుని చెబుతూ, లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు వెనుక నుంచి లారీ బయటికొచ్చిన చోట ఆగిపోయారు. వెనుక నుంచి పిల్లవాడు "మావ" అన్నాడట. "య్యా" వినపడలేదట. ఆయన కళ్లు తెరిచి చాలాసేపు నేల వైపు చూశారు. తరువాత, "వాడు నన్ను పూర్తిగా పిలిచేంత వ్యవధి కూడా లేదండీ. నేనెక్కడ తిప్పుతాను?" అన్నారు. ఆ మాట ఇంట్లోవాళ్లు ఆరు నెలలుగా "నీ తప్పు లేదు" అని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు, తన జ్ఞాపకంలోనే దొరికాక ఎక్కింది.

అపోహ: ఇది పిరికివాళ్లకు వచ్చే జబ్బు.

మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం 2002లో వియత్నాం యుద్ధంలో పాల్గొన్న సైనికులను, యుద్ధానికి వెళ్లని వారి ఏకరూప కవలలను పోల్చింది. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుల మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన హిపోక్యాంపస్ అనే భాగం చిన్నదిగా ఉంటే, ఇంటి దగ్గరే ఉన్న వారి కవలల్లోనూ అలాగే ఉంది. ముప్పులో కొంత భాగం గాయానికి ముందే మనిషిలో ఉండవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. "మగాడివై ఉండి ఇదేమిటి" అన్న మాటకు అందులో చోటు లేదు.

అపోహ: నిజంగా జరిగి ఉంటే ప్రతిసారీ ఒకేలా చెబుతారు.

పోలీసు స్టేషన్‌లోనూ, ప్రమాద పరిహారం కేసుల్లోనూ బాధితులను ఎక్కువగా గాయపరిచేది ఇదే. స్టీవెన్ సౌత్‌విక్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో, గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన 59 మంది సైనికులను తిరిగొచ్చిన నెలకు ఒకసారి, రెండేళ్లకు మరోసారి అవే ప్రశ్నలు అడిగితే, 88 శాతం మంది కనీసం ఒక్క జవాబైనా మార్చారు. జ్ఞాపకం వీడియో కాదు, గుర్తుకు తెచ్చుకున్నప్పుడల్లా కొంత మారవచ్చు. సమయమో, దిశో, ఎవరు ముందు వచ్చారన్నదో తేడాగా చెప్పినంత మాత్రాన అబద్ధమనలేం.

అపోహ: ఏళ్లు గడిచాక చికిత్స పనిచేయదు.

కాండిస్ మాన్సన్ బృందం 2006లో 60 మంది మాజీ సైనికులపై కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీని పరీక్షించింది. వారిలో ఎక్కువమంది వియత్నాం నుంచి తిరిగి వచ్చి మూడు దశాబ్దాలు దాటినవారు. అయినా చికిత్సకు ఎంపికైనవారిలో 40 శాతం మందికి చివర్లో పీటీఎస్‌డీ నిర్ధారణే వర్తించలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం, తననే నిందించుకోవడం తగ్గకపోతే, లేదా చనిపోవాలన్న మాట ఎప్పుడు వచ్చినా, ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు రోజంతా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. సైకాలజిస్టు దగ్గరకు వెళ్లినప్పుడు, పైన చెప్పిన మూడు చికిత్సల్లో దేనిలో శిక్షణ ఉందో, ఎన్ని సెషన్లు పడతాయో మొదటి రోజునే అడగండి. అలా అడగడం మీ హక్కు, మాలో ఎవరూ దాన్ని తప్పుగా తీసుకోకూడదు.