టైమ్‌షేర్ విహారయాత్రకు ప్రయాణ బీమా: అపోహలు - వాస్తవాలు

ప్రయాణ బీమా పాలసీలు ఇప్పించడం, అవసరం వచ్చినప్పుడు వాటి క్లెయిమ్ కాగితాలు సమకూర్చిపెట్టడం హైదరాబాదులో నా వృత్తి. వేసవి సెలవులకు, దసరాకు నెల రోజుల ముందు నుంచి నన్ను సంప్రదించేవారిలో టైమ్‌షేర్ సభ్యత్వం, అంటే ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు ఆ సంస్థ రిసార్టుల్లో గడిపే హక్కు, ఉన్న కుటుంబాలు చాలా ఉంటాయి. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లో, క్లబ్ మహీంద్రా నడిపే సంస్థ 1996లో మొదలయ్యాయి. ఇరవై అయిదేళ్ల సభ్యత్వం తీసుకొని, ఏటా ఒక వారం ఊటీలోనో మున్నార్‌లోనో కొడగులోనో గడిపి వచ్చే మధ్యతరగతి తెలుగు కుటుంబాలు ఇప్పుడు అరుదు కాదు. బీమా చేయించాలా వద్దా అని వీరు అడిగినప్పుడు, హోటల్లో దిగే యాత్రికుడికి చెప్పే జవాబే వీరికీ చెబితే అది తప్పవుతుంది. హోటల్లో దిగేవారు గదికీ ప్రయాణానికీ ఒకేసారి డబ్బు కడతారు. టైమ్‌షేర్ సభ్యులు గదికి ఎప్పుడో కట్టేసి ఉంటారు, ప్రయాణానికి మాత్రం ఇప్పుడు కడతారు. ఈ రెండు రకాల డబ్బునూ ఒకే లెక్కలో వేసుకోవడం వల్లనే కింది అపోహల్లో సగం పుట్టాయని నా అభిప్రాయం.

అపోహ: సభ్యత్వానికి లక్షలు పోశాం కాబట్టి, ప్రయాణం ఆగిపోతే ఆ వారం విలువ బీమా నుంచి వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రయాణం రద్దయినప్పుడు బీమా సంస్థ చూసేది ఒక్కటే: ఈ యాత్ర కోసం మీరు ముందుగా ఎంత చెల్లించారు, అందులో ఎవరూ తిరిగి ఇవ్వని మొత్తం ఎంత. సభ్యత్వ ధర ఈ యాత్ర కోసం చెల్లించినది కాదు. ఏటా కట్టే నిర్వహణ రుసుము కూడా మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టవలసిందే కాబట్టి, దానిని యాత్ర రద్దు వల్ల కలిగిన నష్టంగా చాలా పాలసీలు అంగీకరించవు. ఆ గదిని బయటివారికి రాత్రికి పన్నెండు వేలకు ఇస్తున్నారు కనుక ఏడు రాత్రులకు ఎనభై నాలుగు వేలు నష్టపోయామని ఒక పెద్దాయన నా ఎదుట కాగితం మీద లెక్క కట్టి చూపించారు. లెక్కలో తప్పు లేదు, కానీ ఆ ఎనభై నాలుగు వేలకు ఆయన పేరు మీద రసీదు లేదు. రసీదు లేని నష్టానికి పాలసీలో చోటు ఉండదు.

పైగా, గడువులోగా రద్దు చేసుకుంటే ఆ రోజులు సాధారణంగా మీ ఖాతాకు తిరిగి వస్తాయి. చివరి నిమిషంలో రద్దు చేస్తే కొన్ని రోజులో మొత్తం రోజులో కోతకు గురవుతాయి. ఈ గడువులు సంస్థను బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంటాయి కనుక, బీమా పాలసీ చదవడానికి ముందు మీ సభ్యత్వ నియమావళిలోని రద్దు నిబంధనలు చదవమని నేను అందరికీ చెబుతాను. అక్కడ మీకు దొరికే రక్షణకు మళ్లీ ప్రీమియం కట్టనవసరం లేదు.

అయితే బీమాకు లెక్కలోకి వచ్చేది ఏమిటి? విమాన టికెట్లు, ముందుగా చెల్లించిన కారు అద్దె, మీ వారాన్ని మరో సంస్థ రిసార్టుకు మార్పిడి చేసుకున్నప్పుడు కట్టిన రుసుము వంటివి. వీటిలోనూ తిరిగి వచ్చేది తీసివేయాలి. విమాన టికెట్ రద్దు చేసినప్పుడు, అది తిరిగి డబ్బు రాని రకమైనా సరే, ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయ వినియోగ రుసుమూ ప్రయాణికుడికి తిరిగి ఇవ్వాలని మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం ఉంది. హైదరాబాదు నుంచి కొచ్చికి నలుగురి టికెట్లకు నలభై వేలు అయిందనుకోండి. అందులో పన్నులు, ముందే రద్దు చేస్తే వచ్చే మొత్తం తీసివేయగా నికరంగా పోయేది ముప్పై వేలో, ఇంకా తక్కువో ఉంటుంది. ఆ మొత్తం పోయినా ఇల్లు తట్టుకోగలదా అన్నదే అసలు ప్రశ్న. తట్టుకోగలిగితే రద్దు కోసమని బీమా అవసరం లేదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

అపోహ: బీమా ఉంటే, ఏ కారణంతో ప్రయాణం మానుకున్నా డబ్బు వస్తుంది.

వాస్తవం: ఈ అపోహ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన కుటుంబాలకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే. మన దగ్గర దొరికే పాలసీల్లో రద్దుకు అంగీకరించే కారణాలు పేరుపేరునా రాసి ఉంటాయి. బీమా ఉన్న వ్యక్తి లేదా దగ్గరి కుటుంబసభ్యుడు మరణించడం, తీవ్రమైన అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరడం వంటివి ఆ జాబితాలో ఉంటాయి. ఆఫీసులో సెలవు దొరకకపోవడం, పిల్లల పరీక్ష తేదీ మారడం, ఇంట్లో పెళ్లి ముహూర్తం ఆ వారంలోనే కుదరడం వంటివి సాధారణంగా ఉండవు.

జాబితా కంటే ముఖ్యమైనది దగ్గరి కుటుంబం అన్న మాటకు పాలసీ ఇచ్చే నిర్వచనం. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు సాధారణంగా అందులో ఉంటారు. తోబుట్టువులు, అత్తమామలు కొన్నింటిలో ఉంటారు. పెదనాన్న, బాబాయి, మేనమామ మాత్రం ఉండరు. మన ఇళ్లలో జ్ఞాతి మరణిస్తే పది రోజులు మైల పాటిస్తారు; ఆ రోజుల్లో విహారయాత్రకు బయలుదేరాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం మున్నార్ వెళ్లవలసిన ముందురోజు, వారి బాబాయిగారు కాలం చేశారు. ఆయనే ఆ ఇంటి పిల్లలను పెంచి పెద్దచేసిన మనిషి. కర్మకాండ అయ్యాక క్లెయిమ్ పెడితే, బాబాయి నిర్వచనంలో లేరని తిరస్కరించారు. ఆ ఉత్తరం వారికి చదివి వినిపించవలసి వచ్చింది నేనే. పాలసీ మాటల ప్రకారం ఆ తిరస్కరణలో లోపం చూపలేకపోయాను, కానీ అమ్మేటప్పుడే ఆ నిర్వచనం చదివి వినిపించనందుకు నా తప్పును వారి ముందు ఒప్పుకున్నాను. అప్పటి నుంచి పాలసీ ఇచ్చే ముందు ఆ ఒక్క పేరా పెద్దగా చదివి వినిపించకుండా నేను ప్రీమియం తీసుకోవడం లేదు.

దీనికి తోడు, టైమ్‌షేర్ సెలవులకు రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లడం మనకు అలవాటు. మామగారి సభ్యత్వం మీద అల్లుడి కుటుంబం, తోడల్లుడి కుటుంబం వెళుతుంటాయి. ఎనిమిది మందిలో ముగ్గురికే పాలసీ ఉండి, పాలసీ లేని నాలుగో వ్యక్తి జబ్బుపడి అందరూ ఆగిపోతే, ఆ ముగ్గురి క్లెయిమ్ నిలుస్తుందా లేదా అన్నది సహప్రయాణికుడు అన్న మాటకు ఆ పాలసీ చెప్పే అర్థాన్ని బట్టి ఉంటుంది. ఆ మాట అసలు లేని పాలసీలూ ఉన్నాయి.

అపోహ: వర్షాలకు దారులు మూసుకుపోతే బీమా చూసుకుంటుంది.

వాస్తవం: కొంతవరకే. 2018 ఆగస్టులో కొడగులో భారీ వర్షాలకు కొండచరియలు విరిగిపడి రోడ్లు తెగిపోయాయి. ఇటువంటప్పుడు రిసార్టు సురక్షితంగా ఉండి, దారి మాత్రమే లేకపోతే, బస చేసే చోటు నివాసయోగ్యం కాకపోతేనే చెల్లిస్తామని రాసిన పాలసీ అక్కరకు రాదు. రిసార్టే మూసేస్తే సంస్థ సాధారణంగా రోజులు తిరిగి ఇస్తుంది కనుక గది విషయంలో నష్టమే ఉండదు. ఇక వార్తల్లో హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ, ఆ విపత్తుకు సంబంధించినంతవరకు పనిచేయదు, ఎందుకంటే తెలిసిపోయిన ప్రమాదానికి బీమా ఉండదు. మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి నీలగిరి, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. రిసార్టులో గది ఖాయమైనా ఈ-పాస్ తీసుకోవడం మీ బాధ్యతే, అది లేక వెనుదిరిగితే దానికి బీమా వర్తిస్తుందని ఆశించకండి.

అపోహ: గది ఉచితంగా వచ్చినట్టే కాబట్టి, విదేశీ మార్పిడి వారానికి కూడా బీమా అవసరం లేదు.

వాస్తవం: అన్నింటిలోకీ ప్రమాదకరమైన అపోహ ఇదే. 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ వంటి మార్పిడి సంస్థల ద్వారా ఇక్కడి వారాన్ని థాయిలాండ్‌లోనో దుబాయిలోనో స్పెయిన్‌లోనో రిసార్టుకు మార్చుకోవచ్చు. గది ఖర్చు తప్పింది కనుక యాత్ర చవక అనిపిస్తుంది, చవకైన యాత్రకు బీమా దేనికన్న ఆలోచన వెంటనే వస్తుంది. కానీ ఇక్కడ బీమా చేయవలసింది యాత్రకు కాదు, మనిషికి. మన దేశంలో తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీల్లో అత్యధికం దేశ సరిహద్దు దాటితే పనిచేయవు. పరాయి దేశంలో తుంటి ఎముక విరిగినా, గుండెనొప్పి వచ్చినా అయ్యే ఖర్చు, ఏళ్ల తరబడి కట్టిన నిర్వహణ రుసుములన్నీ కలిపినా అంతకు మించిపోగలదు. చికిత్స తరువాత పడుకోబెట్టి స్వదేశానికి చేర్చవలసి వస్తే అది మరో పెద్ద ఖర్చు.

ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉన్న పాలసీ తప్పనిసరి కాబట్టి అక్కడికి వెళ్లేవారు ఎలాగూ తీసుకుంటారు. అడిగేవారు లేని దేశాలకు వెళ్లేవారే తీసుకోరు. నా దగ్గరకు వచ్చే అరవై దాటిన దంపతులకు నేను చెప్పేది ఇది: సామాను పోతే వచ్చే మొత్తం, విమానం ఆలస్యమైతే వచ్చే మొత్తం చూసి పాలసీ ఎంచుకోకండి. వైద్య రక్షణ మొత్తం, వయసును బట్టి విధించే ఉపపరిమితులు (ఒక్కో ఖర్చుకు ఇంతకు మించి ఇవ్వమని పెట్టే హద్దులు), మొదట మీరు భరించవలసిన డిడక్టబుల్, బీపీ, షుగర్ వంటి పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర స్థితిలో ఎంతవరకు చెల్లిస్తారు అన్న నాలుగు విషయాలు చూడండి. పాత జబ్బును దాచి ప్రీమియం తగ్గించుకోవడం అంటే పాలసీని చేతులారా పనికిరాకుండా చేసుకోవడమే.

అపోహ: దేశంలో తిరిగే యాత్రకు కూడా అదే స్థాయి పాలసీ కావాలి.

వాస్తవం: సొంత కారులోనో రైల్లోనో వెళ్లి, సభ్యత్వ రిసార్టులో దిగి, చేతిలో మంచి ఆరోగ్య బీమా ఉన్న కుటుంబానికి విడిగా ప్రయాణ బీమా చాలాసార్లు అక్కర లేదు, మీ ఆరోగ్య పాలసీ దేశమంతా వర్తిస్తుంది. ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్‌తో పాటు రూపాయి కంటే తక్కువకు ఇచ్చే బీమా రైలు ప్రమాదానికి సంబంధించినదే తప్ప ప్రయాణం రద్దుకు కాదు, అయినా దానిని వదులుకోవద్దు. నేను దేశీయ పాలసీ తీసుకోమని చెప్పేది ముఖ్యంగా ఎత్తైన ప్రాంతాలకు పెద్దవారితో వెళ్లేవారికి. గాంగ్‌టక్‌లో గది తీసుకున్నవారు 4,300 మీటర్ల పైన ఉన్న నాథులా కనుమకు వెళ్లకుండా రారు, అంత ఎత్తులో ఊపిరి అందక ఇబ్బంది పడితే కిందికి తరలించడం అత్యవసరం. అత్యవసర తరలింపు ఖర్చు చాలా ఆరోగ్య పాలసీల్లో కొద్దిగానే ఉంటుంది. సోలాంగ్ లోయలో పారాగ్లైడింగ్ వంటి సాహస క్రీడలకు సాధారణ పాలసీ వర్తించదు, విడిగా చేర్చించుకోవాలి.

అపోహ: క్రెడిట్ కార్డు మీద బీమా ఉంది, అది చాలు.

వాస్తవం: ఎక్కువ కార్డులు ఇచ్చేది విమాన ప్రమాద బీమా, అదీ టికెట్ ఆ కార్డుతోనే కొన్నప్పుడు. ఆసుపత్రి ఖర్చు ఉందో లేదో బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి.

అపోహ: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన టైమ్‌షేర్ యాత్రకు తీసుకున్న పాలసీ మాకూ వర్తిస్తుంది.

వాస్తవం: అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో ఫ్లోరిడాలోని ఓర్లాండో వంటి చోట్ల టైమ్‌షేర్ ఉన్నవారు ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులను అక్కడికి తీసుకువెళుతుంటారు. అక్కడి నివాసి తన పేరు మీద కొన్న యాత్రా బీమా అతని టికెట్లు, మార్పిడి రుసుముల కోసం. తల్లిదండ్రుల వైద్యానికి సందర్శకుల కోసం విడిగా ఉన్న పాలసీ ఉండాలి. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. తుపానుకు పేరు పెట్టిన తరువాత కొన్న పాలసీ ఆ తుపానుకు పనిచేయదు. ఏ కారణంతోనైనా రద్దు చేసుకునే వెసులుబాటు అక్కడ దొరుకుతుంది, కానీ మొదటి చెల్లింపు జరిగిన కొద్ది రోజుల్లోనే తీసుకోవాలి, వచ్చేది సాధారణంగా సగం నుంచి ముప్పాతిక వంతు.

అపోహ: సభ్యత్వ సంస్థ గది ఇవ్వకపోయినా, మాట తప్పినా ప్రయాణ బీమా ఆదుకుంటుంది.

వాస్తవం: అది మీకూ ఆ సంస్థకూ మధ్య ఒప్పందానికి సంబంధించిన వివాదం. దానికి దారి 1915 నంబరు మీద పనిచేసే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన వినియోగదారుల కమిషన్. బీమా సంస్థ తీరు మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి.

ఇక పాలసీ తీసుకున్నవారికి కాగితాల విషయం. రద్దు చేయవలసి వస్తే ఆ రోజే రిసార్టుకు మెయిల్ పంపి, ఎన్ని రోజులు తిరిగి ఖాతాలో వేశారో, ఏ రుసుము తిరిగి ఇవ్వరో రాతపూర్వకంగా తెప్పించుకోండి. విమానయాన సంస్థ నుంచి కూడా ఎంత తిరిగి వచ్చిందో చూపే పత్రం తీసుకోండి. వైద్య కారణమైతే ప్రయాణం చేయకూడదని డాక్టరు రాసిన కాగితం మీద తేదీ, మీరు టికెట్లు రద్దు చేసిన తేదీకి ముందుదో అదే రోజుదో అయి ఉండాలి. విదేశంలో ఆసుపత్రిలో చేరితే, పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రం నంబరుకు ఇంట్లోవారి కంటే ముందు ఫోన్ చేయాలి, అందుకే ఆ నంబరును ఒక చీటీ మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టి ఇస్తాను.