ఒకే కన్ను, రెండు స్కాన్లు, రెండు అంకెలు: ఈ వివాదం ఎక్కడ మొదలైంది?

రెటీనా బొమ్మ చూసి గుండె, మెదడు, కిడ్నీల సంగతి చెప్పేస్తామనే ఏఐ పరికరాలు వస్తున్నకొద్దీ పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఏ జబ్బూ లేని కంటికి వెంటవెంటనే రెండుసార్లు ఓసీటీ ఆంజియోగ్రఫీ (రంగు మందు లేకుండా, కాంతితో రెటీనా రక్తనాళాలను చూపే స్కాన్) చేసినా రక్తనాళాల సాంద్రత, అంటే స్కాన్‌లో నాళాలు ఆక్రమించిన చోటు శాతం, ఒకేలా రాదు. ఆ తేడా ఎంతవరకు మామూలు? ఎంత దాటితే జబ్బు ముదురుతోందని అనుకోవాలి?

1991లో కాంతితో రెటీనా పొరలను చూపే ఓసీటీ ఎలా వచ్చింది, అంతకుముందు చేతి నరానికి రంగు మందు ఎక్కించి ఫొటోలు ఎలా తీసేవారు అన్నవి చాలామందికి తెలిసినవే. ఇప్పటి పేచీకి మూలం మాత్రం కంటి వైద్యం బయట, 1986 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రిక వేసిన ఒక గణాంక వ్యాసంలో ఉంది.

మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే బ్రిటిష్ గణాంక నిపుణులు అందులో ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే రెండు మీటర్లను 17 మందిపై పోల్చి చూపించారు. రెండింటి రీడింగుల మధ్య సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోదీ ఎంత మేరకు పెరుగుతుందో చెప్పే గుణకం, గరిష్ఠం 1) 0.94 వచ్చింది. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏ మీటరు వాడినా ఒకటే అనిపిస్తుంది. తీరా ఒక్కో మనిషి రీడింగులు పక్కపక్కన పెడితే తేడా నిమిషానికి 80 లీటర్ల దాకా ఉండొచ్చని తేలింది. పొంతన ఎంతుందో అందమైన గుణకం చెప్పదు, తేడాలనే నేరుగా చూడాలన్నది వాళ్ల మాట.

రెటీనా స్కాన్లకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. అమెరికాలో 2015, 2016లలో ఈ యంత్రాలకు అనుమతులు రాగానే, ఆరోగ్యమైన కళ్లలో కొలత నిలకడపై అధ్యయనాలు వరుసకట్టాయి. చాలావాటిలో ముందు కనిపించేది ఐసీసీ, అంటే ఒకే కంటి కొలతలు ఎంతగా కలుస్తాయో చెప్పే గుణకం; 1కి దగ్గరైతే మంచిదంటారు. అది యంత్రం పొరపాటును ఒక్కదాన్నే చెప్పదు, పరీక్షించిన కళ్ల మధ్య ఎంత వైవిధ్యం ఉందో దాన్ని కూడా కలుపుకుంటుంది.

లెక్క కోసం, ఒకే కంటి స్కాన్ల మధ్య ప్రామాణిక విచలనం (కొలతలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే అంకె) 1.5 శాతం పాయింట్లు అనుకుందాం. ఆరోగ్యవంతుల కళ్ల మధ్య తేడా కూడా అంతే ఉంటే ఐసీసీ 0.5 దగ్గర ఆగిపోతుంది. అదే యంత్రంతో, అదే పొరపాటుతో, షుగర్ వల్ల బాగా దెబ్బతిన్న కళ్లను కూడా కలిపి ఆ తేడాను 6కు పెంచితే ఐసీసీ 0.94కు ఎగబాకుతుంది. యంత్రం ఏమీ మెరుగుపడలేదు. ఒక పేషెంటు విషయంలో రెండింటిలోనూ సుమారు 4.2 పాయింట్లు దాటితేనే నిజమైన మార్పని నమ్మకంగా చెప్పగలం. డాక్టరుకు కావలసింది ఈ 4.2 లాంటి అంకె. బ్రోషర్లలో పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది కూడా అదే.

ఫోవియా (రెటీనాలో చూపు బాగా స్పష్టంగా ఉండే చోటు) మధ్య రక్తనాళాలు లేని చోటు వైశాల్యానికి ఐసీసీ బాగా ఎక్కువ రావడానికీ ఇదొక కారణం. అది ఆరోగ్యవంతుల్లోనే మనిషికీ మనిషికీ చాలా మారుతుంది.

స్కాన్ పనిచేసే తీరులోనూ చిక్కులున్నాయి. ఒకే చోట వరుసగా తీసిన స్కాన్లలో మారిన చోటును రక్తప్రవాహంగా లెక్కిస్తారు కాబట్టి కన్ను కదిలినా అది రక్తంలాగే కనిపిస్తుంది. కన్ను పొడిబారితే సిగ్నల్ తగ్గి, దాంతోపాటు సాంద్రతా తగ్గినట్టు వస్తుంది. పై పొర నాళాల నీడలు కింది పొరలో పడతాయి. అందుకే లోతు పొర కొలతలను మరింత జాగ్రత్తగా చూడాలి.

కంటి కదలికను వెంబడించే ట్రాకింగ్ వచ్చిందని, నీడలను తొలగించే సాఫ్ట్‌వేర్ ఉందని, అనేక స్కాన్ల సగటు తీస్తే నిలకడ పెరుగుతుందని తయారీదారులు అంటారు. అది నిజమే.

ఏఐ వాళ్లు తరచూ చూపేది వేల మందిపై జరిగిన అధ్యయనాలను. అమెరికాలో రక్తనాళాలు గట్టిపడే జబ్బుపై జరిగిన ఏఆర్ఐసీ అధ్యయనం 1990లలోనే రెటీనా ఫొటోల్లో నాళాల వెడల్పు కొలిచి బీపీతో సంబంధం చూపింది. అంతమంది సగటులో యాదృచ్ఛిక పొరపాట్లు చాలావరకు సర్దుకుంటాయి. ఒక్క మనిషి రిపోర్టులో సర్దుకోవు. గుండె ఒక్కసారి కొట్టుకునేలోపే నాళం వెడల్పు కొంత మారుతుంది.

గ్లాకోమా, షుగర్ పేషెంట్లను ఏళ్ల తరబడి చూడాల్సిన డాక్టర్ల డిమాండ్ అందుకే సూటిగా ఉంది: ప్రతిసారీ అదే యంత్రం, అదే స్కాన్ సైజు ఉండాలి, సిగ్నల్ బలం రాసి ఉండాలి. సాంద్రత పక్కనే ఆ యంత్రం ఎన్ని పాయింట్లు అటూఇటూ కావచ్చో అచ్చు వేయాలి.